నాలుగో కాలమ్

"ఈ ఏడు ఎండ ఎట్లుంది?"

"పోయినేడంత లేదు."

కోడ్ సరిపోయింది. ఇరిగేషన్ గుమస్తా వేషంలో ఉన్న ఏజెంట్ దేవ్‌సింగ్ గెస్ట్‌హౌస్ తలుపు మూశాడు. రీటా నల్లకళ్లద్దాలు తీసి, హ్యాండ్‌బ్యాగ్ లోపలి గుడ్డ చింపి ఫ్లాపీ బయటికి లాగింది. విదేశీ ముఠా దగ్గర జీతం, మన డిపార్ట్‌మెంట్ దగ్గర కమిషన్. రెండు చోట్లా ఆమెను ఎవరూ పూర్తిగా నమ్మరు.

1989 మార్చి. భద్రాచలం అడవి అంచు.

బల్లమీది కంప్యూటర్లో స్ప్రెడ్‌షీట్ తెరుచుకుంది. ప్రపంచ ఉష్ణోగ్రతల పరిశోధన పేరుతో ముఠా నాలుగు దేశాల్లో, ఆనకట్టల పక్కన, థర్మామీటర్లున్న తెల్లపెట్టెలు పాతింది. ఒక్కో పెట్టెకు ఒక్కో కాలమ్. దేవ్‌సింగ్ మొదటి మూడింటినీ పక్కపక్కన పెట్టాడు. నెలలు వేరు, ఆఖరి అంకె ఒక్కటే. నలభై ఏడు. ఆ తర్వాత గళ్లన్నీ ఖాళీ.

"ఎక్కడ ఏ రోజు నలభై ఏడైతే ఆ రోజే అక్కడి ఆనకట్ట పేలింది," అంది రీటా. "పాదరసం నలభై ఏడు దగ్గరున్న తీగను తాకితే చాలు. మీట నొక్కడానికి మనిషి అక్కర్లేదు. ఎండే నొక్కుతుంది."

మూడో కాలమ్ చివరి తేదీని దేవ్‌సింగ్ రెండోసారి చూడలేదు. తమ్ముడు మోతీలాల్ పనిమీద వెళ్లి తిరిగి రాని రోజు అది.

నాలుగో కాలమ్ ఈ ఊరి ప్రాజెక్టు కట్టది. కట్ట కింద మూడు ఊళ్లు, ఒక తండా.

"తొందరేం లేదు. మే దాకా అంత ఎండ రాదని వాళ్ల లెక్క."

"బాంబ్ స్క్వాడ్ రేపు వస్తుంది," అంటూ అతను కిటికీలోంచి చూశాడు. కట్టమీద పొగ.

"బొజ్జయ్యా, ఆ పొగేంది?"

"ఏం లేదు సార్," అన్నాడు వాచ్‌మన్ బొజ్జయ్య. "ఆదెమ్మోళ్లు ఇప్పచెట్ల కింద ఆకులు కాలుస్తున్నరు. తెల్లారి పువ్వు ఏరాలె గద."

తెల్లపెట్టె ఉన్నది ఆ ఇప్పచెట్ల కిందే.

రీటా జీపు తాళాలు విసిరింది.

దేవ్‌సింగ్ కట్ట చేరేసరికి పెట్టె చుట్టూ మంట. తలుపుకు తాళం. చెక్క సందుల్లోంచి పాదరసం కనిపిస్తోంది. తీగకు వెంట్రుకవాసి దూరం.

"అవ్వా, నీళ్లు! జల్దీ!"

ఆదెమ్మ సొరబుర్ర భుజం మీంచి దించింది. "తాగుతవా బిడ్డా?"

"పెట్టెల పొయ్యి!"

"పెట్టెకు దూపైందా ఏంది?" అంటూనే బుర్రంతా వంపింది.

పాదరసం ఆగింది. వణికింది. కిందికి జారింది. దేవ్‌సింగ్ రాయితో తాళం పగలగొట్టి తీగ కత్తిరించాడు.

"మరి నాకు దూపైతే?" అంది ఆదెమ్మ, ఖాళీ బుర్ర ఊపుతూ.

అతను గెస్ట్‌హౌస్ చేరేసరికి రీటా లేదు. ఫోన్ మోగుతోంది. హైదరాబాద్ నుంచి చీఫ్.

"ఈ ఏడు ఎండ ఎట్లుంది?"

కోడ్‌గా అడిగారో, మామూలుగానే అడిగారో. దేవ్‌సింగ్ నాలుగో కాలమ్ కింది గడిలో ఆ రోజు అసలు వేడి, నలభై, అని కొట్టాడు.

"పోయినేడంత లేదు సార్."