నలభై ముగ్గురి ఉగ్గాని

ఆదోని మార్కెట్‌కి పత్తి దిగిందంటే కేశవులు ఇంట్లో పొద్దున్నే ఉగ్గాని, నానబెట్టిన మరమరాల ఉప్మా. వచ్చిన రైతులను ఇంటికి పిలిచి తినిపించడం ఆ పత్తి వ్యాపారికి గొప్ప. వండే చేతులు మాత్రం వేరే.

కోడలు మాధురి రోజూ సాయంత్రం కంప్యూటర్ క్లాసుకు పోతోంది. రోజు మొత్తంలో తనదంటూ ఉన్నది ఆ ఒక్క గంటే. ఇంట్లోవాళ్లు ఎందరు, వచ్చేవాళ్లు ఎందరు అని కొడితే మొత్తం చెప్పే చిన్న ప్రోగ్రాం ఇంట్లో కంప్యూటర్‌లో రాసింది. మొదటిసారి వాడుతోంది. మామకు ఫోను చేసి అడిగి, ఇంట్లోవాళ్లకు నాలుగు, వచ్చేవాళ్లకు మూడు కొట్టి, తెరకేసి చూడకుండానే స్నానానికి పోయింది.

తల తుడుచుకుంటూ వచ్చేసరికి బొరుగుల మూట ఖాళీ. గంగాళం నిండా నానిన బొరుగులు!

"ఇన్నెందుకత్తా?"

"నీ పెట్టెనే సెప్పె కదమ్మా, నలభైమూడు మందని!" అంది అత్త ప్రభావతి, ఉల్లిగడ్డలు తరుగుతూనే. "సీజను కదా, వస్తాండారేమో అనుకుంటి."

అప్పుడే కేశవులు ముగ్గురు రైతులతో లోపలికి వచ్చాడు. భార్య మాట విని, గంగాళం చూసి గుడ్లు తేలేశాడు.

"ఎవురి పెండ్లి ఇది? ఏడు మందికి నలభైమూడు సెప్పే సదువా? రేపట్నుంచి క్లాసు బంద్!"

మాధురి తగ్గలేదు. "తప్పు నాదే మామా. మనం కొట్టిన అంకెను అది అక్షరమనుకుంటుంది. నాలుగు పక్కన మూడు అంటించింది, కూడలేదు. ఇది అంకె అని ముందే సెప్పల్ల. కూడినాక, 'మంది' అనే మాటకు అతికించేటప్పుడు మళ్లా అక్షరంగా మార్చల్ల." చకచకా దిద్ది చూపించింది. తెర మీద: ఈరోజు ఉగ్గానికి 7 మంది.

"ఇప్పుడు దిద్దితే? తడిసినవి మూటలోకి పోతాయా?" అన్నాడు కేశవులు.

ప్రభావతి కత్తిపీట పక్కకు తోసి లేచింది. "క్లాసు బందయితే పొయ్యి గూడా బందే! ఎంతమంది వస్తారో ఏనాడన్నా సెప్పినావా నాకు? ఇన్నేండ్లు గుడ్డిగా వండితి. సాలకపోతే పస్తుంటి. నీ కంటికి కనపడిందా? ఈ పిల్ల కొట్టిన నాలుగులో నేనుండాను. ఈ ఇంట్లో నన్ను ఎంచినోళ్లు ఇదొక్కతే!"

మాధురికి కళ్లు మసకబారాయి.

వచ్చిన రైతుల్లో ఒకడు, పెద్దకడుబూరు భీమప్ప గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, మార్కెట్లో మా ఊరోళ్లు శానామంది ఆకలితో ఉండారు. పిల్చుకరానా?"

"పరిగెత్తప్పా! తాలింపు ఏస్తాండాను!"

కాసేపటికి వీధి అరుగుల నిండా జనం, నవ్వులు, మిరపకాయ బజ్జీల ఘాటు. కేశవులు తొలి ప్లేటు తెచ్చి భార్య చేతిలో పెట్టాడు.

"కూసో. ముందు నువ్వు తిను. అమ్మాయ్, సాయంత్రం క్లాసుకు ఆలస్యం సేయొద్దు."

ప్రభావతి ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, కొంగుతో కళ్లు తుడుచుకుని కసిరింది. "పైన సల్లే పుట్నాలపొడి మర్సిపోయినావు. పో, తీసకరా!"

కేశవులు పోయాడు.