కాంటా మీద ఎర్ర రుమాలు

పరుగు!

పట్టపగలు. ఆదిలాబాద్ పత్తి మార్కెట్. బండ్ల సందుల్లో అరవై రెండేళ్ల ముత్తయ్య పరుగు. వెనక మిల్లు కాపలావాడు కొండల్. వాడి చేతిలో తుపాకి!

ముత్తయ్య ఇంతలా పరుగెత్తింది ఇదివరకు ఒక్కసారే... పులి తరిమినప్పుడు. చివరికి పులే ఆయాసపడి కూర్చుందని చెబుతుంటాడు. ఇవాళ ఆ కోత కోసే ఓపిక కూడా లేదు.

"ఆగు తాతా! ఉరికి ఉరికి నువ్వే సస్తె నా గుండు మిగుల్తది!"

"మిగుల్చుకో! గీ రేట్లల్ల అదీ పిరమే!"

మార్కెట్లో ముత్తయ్య పని ఒకటే. ఏ సేటు కాంటా మీద తన ఎర్ర రుమాలు పరిస్తే, ఆ సేటును నమ్మొచ్చు. రైతులు పత్తి తూచి ఇచ్చేసి, పైకానికి పదిహేను రోజులు ఆగుతారు. రుమాలు తీస్తే... రొక్కం పెడితేనే పత్తి!

రుమాలుకు కూలి ఇచ్చేది మాత్రం ఆ సేటే. పత్తి నింపిన గోనెసంచికి, అంటే బోరానికి, నాలుగు నయాపైసలు.

పదకొండేళ్లుగా మధుసూదన్‌రావు జిన్నింగ్ మిల్లు కాంటా మీద రుమాలు ఉంది. ఈ పొద్దున కూలి కోసం మిల్లుకు వెళ్తే...

మిషన్లు లేవు! వరండాలో కట్టిన ట్రంకుపెట్టెలు.

"రిపేర్‌కు పోయినయన్నడు దొర. బయట చెప్పకు!" కాపలా ఉన్న కొండల్ తుపాకి ఎత్తాడు.

ముత్తయ్యకు అర్థమైంది. ఇవాళ అప్పు మీద పత్తి ఎత్తి, నాగపూర్‌లో అమ్మి... దొర మాయం!

అదిగో కాంటా! రైతు ఐలవ్వ పత్తి బండి. ఏడాది పంటంతా అదే. హమాలీలు మొదటి బోరెం ఎత్తుతున్నారు.

"దించుర్రి! ఐలవ్వా, ఇయ్యకు!"

"గదేంది మామా? నీ రుమాలున్నది గదా!"

తూటా కూడా అంత లోతుగా దిగదు.

కాంటా పక్కన మధుసూదన్‌రావు నవ్వుతున్నాడు. "నా పైసల్ తిని, నా కాంటా మీదికెల్లే రుమాలు గుంజుతవా ముత్తయ్యా?"

"తిన్న దొరా. గందుకే గిన్నేండ్లు మిల్లు లోపల చూడలే. ఇగ శాతగాదు."

రుమాలు లాగేశాడు!



ఐలవ్వ బోరెం వెనక్కి గుంజుకుంది. హమాలీలు పాత కూలి అడిగారు. చాయ్ అమ్మే కిష్టవ్వ కూడా గ్లాసు పట్టుకుని వచ్చేసింది. "నా రెండ్నెల్ల పైసల్ దొరా!"

"కాల్చురా కొండల్!"

తుపాకి గొట్టం ముత్తయ్య ఛాతీకి ఆనింది. ఆయన కదల్లేదు. కదిలే ఓపిక అయిపోయింది.

"దొరా..." కొండల్ దొర వైపు తల తిప్పాడు. "నా ఏడు నెలల జీతం?"

"రేపిస్తరా!"

"గా రుమాలు జూసే ఇన్నొద్దులు ఆగిన దొరా."

గొట్టం మెల్లగా పక్కకు తిరిగింది... మధుసూదన్‌రావు వైపు.

ఢాం!