ఆఖరి బోల్టు

వాకిట్లో పాత నల్ల కారు స్టార్టయింది. ఉపేందర్‌రావు కుర్చీలోంచి కదల్లేదు. ముట్టని ఛాయ్ మీద మీగడ కట్టింది.

"బాపూ, పోయొస్త," గుమ్మంలో నిలబడి అంది కూతురు ప్రమోదిని.

పేపరు పేజీ తిరిగింది.

ఉట్నూర్ దగ్గర ఆశ్రమ పాఠశాలలో ఆమెకు టీచరు ఉద్యోగం వచ్చింది. ఈ రోజే చేరాలి. అడవిలో ఒంటరి ఉద్యోగం వద్దని తండ్రి పట్టుబట్టాడు. చెల్లెలి తరఫున మాట్లాడినందుకు కొడుకు విద్యాసాగర్‌తో కూడా మాటలు మానేశాడు.

"బిడ్డ కారు నడుపుకుంట పోతుంటే జర గేటు దాకన్న రారాదుండ్రి," అంది జానకీబాయి. కూతురు ఉండబోయే గది చూసి రావడానికి ఆమె కూడా వెళ్తోంది. "పేపర్ల గంత ముచ్చటేమున్నదో!"

"కారు నేర్పిన నీ కొడుకున్నడు గదా, ఆయన్ని రమ్మను."

కారు గేటు దాటింది. చప్పుడు జగిత్యాల రోడ్డు వైపు సన్నగిల్లింది.

చాలాసేపటికి విద్యాసాగర్ లోపలికొచ్చాడు. "ఒక్క మాటన్న అనకపోతివి బాపూ."

ఉపేందర్‌రావు పేపరు విసిరికొట్టాడు. "నేనెవన్ని అననీకి? ఇంటి పెద్దవు నువ్వయినవు గదా! ఆఖరి బోల్టు సుత నువ్వే బిగించుకుంటివి!"

"ఏం బోల్టు?"

"స్టీరింగ్‌ది! నేనింక బతికే ఉన్నరా!"

విద్యాసాగర్ వాకిట్లో కారు లేని చోటు వైపు చూశాడు.

ఆ కారుకు తాత కాలం నుంచీ ఒక పద్ధతి ఉంది. రిపేరు ఎవరు చేసినా ఆఖరి బోల్టు చేత్తోనే తిప్పి వదిలేస్తారు. పానా మడ్‌గార్డు మీద పెడతారు. అది చూసి ఇంటి పెద్ద వచ్చి బిగిస్తాడు. ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు.

నిన్న మధ్యాహ్నం, బాగుచేయించి తెచ్చిన స్టీరింగ్ బాక్సుకు స్టీరింగ్ చక్రం కింది రాడ్డును విద్యాసాగరే జోడించాడు. రెండింటినీ పట్టి ఉంచేది ఒకే ఒక్క బోల్టు.

"బాపూ... నేను బిగియ్యలే. పానా మడ్‌గార్డు మీద నీ కోసమే పెట్టిన. పొద్దుగాల లేకపాయె, నువ్వు బిగించినవనుకున్న."

"లేదక్కడ! సందకాడ పోయి చూసిన. పానా లేదు. నువ్వే బిగించినవనుకున్న."

"అమ్మ... బండికి పసుపు కుంకుమ పెట్టనీకి అమ్మనే తుడిచింది. పానా తీసి బండి పెట్టెల ఏసిందేమో."

తండ్రి కుర్చీలోంచి లేచాడు.

"ఒక్క మాట అడిగితే నీ నోటి ముత్యాలు రాలునా బాపూ?"

"చెప్తే నీవి రాలునా?" అరిచాడు ఉపేందర్‌రావు. అరుస్తూనే చెప్పుల్లేకుండా వాకిట్లోకి ఉరికాడు. "స్కూటర్ తియ్‌రా!"

స్కూటర్ జగిత్యాల దాటింది. కారు జాడ లేదు. సెల్‌ఫోన్లు లేని రోజులు, ఆగమని చెప్పే దారి లేదు. ఎదురయ్యే ప్రతి లారీ ముందు భాగాన్నీ ఉపేందర్‌రావు వెతుకుతున్నాడు, ఎక్కడైనా నల్ల రంగు అంటిందేమోనని. గుంతలో పడ్డ ప్రతిసారీ ఆ బోల్టు ఓ మర సడలుతుంది. అది జారితే రాడ్డు పైకి లేస్తుంది. ఇక చేతిలో స్టీరింగ్ తిరుగుతుంది గాని చక్రాలు తిరగవు. ధర్మపురి దాటితే గోదావరి వంతెన.

"ఇంక జోర్‌గ పోనియ్!"

"ఇంతకన్న పోదు బాపూ!"

ధర్మపురి ఇవతలి మలుపులో జనం గుమిగూడి ఉన్నారు.

విద్యాసాగర్ స్కూటర్ ఆపకముందే తండ్రి దూకేశాడు. జనాన్ని తోసుకుని పోయాడు. కారు రోడ్డు పక్క కాలువ మోరీ అంచున ఆగి ఉంది. ముందు చక్రం ఒకటి గాల్లో ఉంది. జానకీబాయి రాయి మీద కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుంటోంది. ప్రమోదిని కారు తలుపు పట్టుకుని నిలబడి ఉంది.

"స్టీరింగ్ తిప్పిన, బండి తిరగలే బాపూ. బ్రేకు మీద నిలబడ్డ."

ఉపేందర్‌రావు ఆమె చేతులు రెండూ పట్టుకున్నాడు.

జనం తలో చెయ్యి వేసి కారును వెనక్కి లాగారు. బానెట్ ఎత్తితే బోల్టు సగం బయటికొచ్చి వేలాడుతోంది.

"పానా నేనే పెట్టెల ఏసిన," ఏడుస్తూ అంది జానకీబాయి. "మీ మౌన వ్రతాలు నాకేమెరుక? ఇంట్ల అందరికి నోళ్లున్నయ్, ఒక్కటి పనిచెయ్యది!"

తండ్రి బానెట్ కిందికి వంగాడు.

"సాగర్, సీట్ల కూసుండి స్టీరింగ్ కిందికి నొక్కు. రాడ్డు దిగితెనే దాని గాడి బోల్టుకు దొరుకుతది."

"దిగిందా బాపూ?"

"ఇంక జర. ఇంక... ఆఁ, గట్లనే పట్టు."

బోల్టు గాడిలో కూర్చుంది. ఉపేందర్‌రావు కారు పెట్టెలోని పానా చేతిలోకి తీసుకున్నాడు. ఒక్క క్షణం దాన్నే చూసి కూతురికి అందించాడు.

"నేనా బాపూ?"

"నడిపేది నువ్వు. ఇగ నుంచి ఆఖరి బోల్టు నడిపేటోళ్లదే. బిగియ్యి. నేను చూస్త."

ఆమె పళ్లు బిగపట్టి బిగించింది. అతను వేలితో తట్టి చూశాడు.

"ఉట్నూర్ దాకా నేను సుత వస్త. నా బిడ్డ బడి నేను చూడొద్దా?"

ప్రమోదిని గబగబా వెళ్లి సీట్లో కూర్చుని స్టీరింగ్ ఎడమకు, కుడికి తిప్పింది. "చక్రాలు తిరుగుతున్నయా బాపూ?"

ఉపేందర్‌రావు కళ్ల ముందు అంతా మసకగా ఉంది. తలూపబోయి ఆగాడు. పంచె అంచుతో కళ్లు గట్టిగా తుడుచుకున్నాడు.

"ఇంకోపారి తిప్పు బిడ్డా. సక్కగ చూడలే."