మామగారి ఆఖరి ఆర్డర్

“మీ మామగారిని ఇవాళ లేపేస్తారు,” అన్నాడు చీఫ్, కాఫీ కలుపుకుంటూ.

ఏజెంటు కుర్చీలోంచి లేచాడు. మామగారంటే ఆషామాషీ మనిషా? యుద్ధంలో శత్రువు రేవులోకే సబ్‌మెరైన్ తీసుకెళ్లి, ఓడలు ముంచి, తన వాళ్లందర్నీ క్షేమంగా ఇళ్లకు చేర్చిన కమాండర్. ఆ తర్వాత అడ్మిరల్. ఆ పాత సబ్‌మెరైన్‌నే ఇవాళ మ్యూజియంగా తెరుస్తున్నాడు.

“విదేశీ ముఠా. హంతకుడు పాత సిబ్బందిలో ఒకడిగా వస్తాడు. ఆ ముఠాలో మన డబుల్ ఏజెంట్ ఒకామె ఉంది, అక్కడికి వస్తుంది. ఎవడి ముందు స్కార్ఫ్ జారవిడిస్తే వాడే.”

జెట్టీ మీద ఏజెంటు అడ్మిరల్‌కి అడ్డం నిలబడ్డాడు. “వెనక్కి వెళ్లిపోదాం, మామయ్యగారూ. లోపల మిమ్మల్ని చంపేవాడున్నాడు. నేను చేసేది ఇన్సూరెన్స్ ఉద్యోగం కాదు.”

“తెలుసులే. నువ్వొక్క పాలసీ అమ్మగా చూశానా? సముద్రమే నన్ను మింగలేక కక్కేసింది. వీళ్లెంత? పద.”

కంట్రోల్ రూమ్ నిండా నెరిసిన గడ్డాలు, పాత టోపీలు. ఇన్నేళ్లకి ఎవరెవరో అడ్మిరల్‌కే సరిగా గుర్తు లేదు. నల్లకళ్లద్దాల అందగత్తె నవ్వుతూ వచ్చింది. స్కార్ఫ్ ఆ సబ్‌మెరైన్ పాత వంటవాడి కాళ్ల దగ్గర పడింది.

ఏజెంటు చెయ్యి పిస్టల్ మీదికి పోయింది. “వాడే,” అన్నాడు మెల్లగా.

“ఆగు. వాడి వంట తిని కూడా బతికినవాణ్ణి. చంపేవాడైతే అప్పుడే చంపేవాడు.” అడ్మిరల్ గొంతు పెంచాడు. “పెరిస్కోప్ లేపండి.”

“పెరిస్కోప్ లేపండి,” అని వంటవాడితో సహా ముసలాళ్లంతా ఒక్క గొంతుతో తిరిగి చెప్పారు. సబ్‌మెరైన్‌లో ఆర్డర్‌ని తిరిగి అప్పజెప్పాకే చెయ్యి కదపాలి. ఒకడు తప్పుగా వింటే అందరూ మునుగుతారు.

“ఎస్ సర్,” అన్నాడు చేతికర్ర పట్టుకున్నవాడు ఒక్కడే.

తలలన్నీ అటు తిరిగాయి. చేతికర్రలో దాచిన తుపాకీ అప్పటికే అడ్మిరల్ గుండెకి గురిపెట్టి ఉంది. ఏజెంటు వాడి మీదికి దూకాడు. తూటా పైపుకి తగిలింది. కిందపడ్డవాడి వీపు మీద వంటవాడు తాపీగా కూర్చున్నాడు. తప్పుడు మనిషిని చూపించి నిచ్చెన వైపు జారుకుంటున్న అందగత్తెని పట్టుకుని, ఆ స్కార్ఫ్‌తోనే చేతులు కట్టారు.

అడ్మిరల్ టోపీ సర్దుకుని, అల్లుణ్ణి పక్కకి పిలిచాడు.

“ఇదంతా మీ అత్తయ్యకి చెప్పకూడదు.”

అల్లుడు నిటారుగా నిలబడ్డాడు. “ఇదంతా అత్తయ్యకి చెప్పకూడదు, సర్.”

సముద్రాన్ని లెక్కచెయ్యని మనిషి అప్పుడుగానీ ఊపిరి పీల్చుకోలేదు.