గడప మీద చెప్పిన పేరు

"ఆ చీరె ఇడిసి వేరేది కట్టుకుంటవా, నన్ను ఇమానం ఎక్కిస్తవా? రెండిట్ల ఒకటి తేల్చు!"

రాములవ్వ అరుపుకి అల్ మన్సూరాలోని ఆ మూడో అంతస్తు ఫ్లాటు అదిరిపోయింది! కొడుకు దగ్గరికి వచ్చి నెల కాలేదు. ఖతర్ అని ఎన్నిసార్లు చెప్పినా ఆమెకిది దుబాయే. ఆ దుబాయ్‌లో, శుక్రవారం పూట, ఆకుపచ్చ తొమ్మిది గజాల మరాఠీ నవ్వారీ చీర కట్టి, ముక్కుకి ముత్యాల నత్తు పెట్టుకుని గదిలోంచి వచ్చిన కోడలిని చూసేసరికి ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

కోడలు విజయరాణిది ముథోల్. పుట్టింట్లో మాట్లాడేది మరాఠీ. ఆర్మూరు దగ్గరి తెలుగింటికి కోడలై వచ్చిన రోజే అత్తగారు హుకుం జారీ చేసింది, "నీ భాష నా ఇంట్ల వద్దు" అని. అంతే! పద్దెనిమిదేళ్ళు... ఒకటా, రెండా? ఖతర్ వచ్చాక కూడా విజయరాణి ఆ మాట దాటలేదు. కన్నతల్లి ఫోన్ చేస్తే వంటింటి తలుపేసుకుని, కుళాయి తిప్పి, ఆ నీళ్ళ చప్పుడులో గుసగుసగా మాట్లాడింది. కడుపున పుట్టిన ధాత్రికి జోలపాట కూడా తన భాషలో పాడలేదు. ఆ పిల్ల ఇవాళ్టికీ అమ్మమ్మ వీడియో కాల్ చేస్తే నవ్వి చెయ్యి ఊపుతుందే తప్ప ఒక్క మాట కలపలేదు! ఏ తల్లి కడుపు తరుక్కుపోదు చెప్పండి? కానీ ఈసారి అబూ హమూర్‌లో ఒక బడిలో జరిగే మరాఠీ భాషా దినోత్సవానికి రమ్మని పిలుపు వచ్చినప్పుడు విజయరాణి ఏడవలేదు. పెట్టె అడుగు నుంచి పెళ్ళినాటి చీర తీసి ఇస్త్రీ చేసుకుంది.

"పోత అత్తమ్మా" అంది స్థిరంగా. "నీకు ఎదురుజెప్పాలని గాదు. నా బిడ్డకు నా భాష ఇనవడాలె."

"అమ్మ వద్దంటుంది కదనే విజయా..." అని నసిగాడు జలంధర్. కంపెనీలో నలభై మందిని పరుగులు పెట్టించే ఫోర్‌మన్! తల్లి ముందు మాత్రం పిల్లి.

"నువ్వాగయ్యా!" అని రాములవ్వ కొడుకు నోరు మూయించి కోడలి వైపు తిరిగింది. "ఎందుకు వద్దన్ననో ఎరికేనా నీకు? పెండ్లినాడు గడప మీద నిలవడి నీ భాషల నా పేరు దీసి ఏమేమో అన్నవ్! నీ ఎంబడొచ్చిన ఆడోళ్ళంత పకపక నవ్విండ్రు! ఊరోళ్ళ ముందట తలెత్తుకోలేకపోయిన... నా ఇంటి గడప మీద నన్నే ఎక్కిరిస్తవా!"

పద్దెనిమిదేళ్ళ నుంచి విజయరాణి నోటికి పడ్డ తాళం... ఇందుకా! ఆ రోజు తను చెప్పింది ఉఖాణా. మన దగ్గర ఆడబిడ్డలు గుమ్మానికి అడ్డం నిలబడి పేర్లు చెప్పించరూ? అలాంటిదే. మరాఠీ కోడళ్ళు భర్త పేరును రెండు ప్రాసల మధ్య ఇమిడ్చి చెబుతారు, చుట్టూ ఉన్నవాళ్ళు మురిసిపోయి నవ్వుతారు. పరువు తీయడానికి కాదమ్మా, ముద్దుకి నవ్వుతారు! ఆ సంగతి అత్తగారికెవరు చెప్పారు? అడగాలని తనకి మాత్రం ఎప్పుడు తోచింది?

"ఇప్పుడు అర్థం నేనే జెప్తె అల్లి జెప్పిందంటవ్" అంది కళ్ళు తుడుచుకుని. "నువ్వు గూడ రా అత్తమ్మా. ఆనాటి మాటలే అక్కడ మళ్ళ జెప్త. రెండు భాషలొచ్చినోళ్ళను నువ్వే ఏరుకొని అడుగు. నేను నిన్ను ఎక్కిరించిన్నని తేలితే... ఈ జన్మల నా నోట మరాఠీ రాదు. మా అమ్మతోని గూడ!"

జలంధర్‌ అడ్డం రాబోయాడు. రాములవ్వ మాత్రం చెప్పులేసుకుంది.

ఆ బడి హాలు నిండా పచ్చచీరలు, మల్లెపూలు, పిల్లల గోల. రాములవ్వ కుర్చీలో కూర్చోకముందే, "ఈడ తెలుగొచ్చినోళ్ళు ఎవరన్న ఉన్నరా?" అని కేకేసింది. ధాత్రి సిగ్గుతో చచ్చిపోయింది. తెలంగాణ అంచునున్న ధర్మాబాద్ నుంచి వచ్చిన, రెండు భాషలూ తెలిసిన గంగామణి అనే పెద్దావిడ నవ్వుతూ లేచింది. "మా కోడలు నీకు చుట్టమా? నిజమే జెప్త అని ఒట్టెయ్యి" అని చేతిలో చెయ్యి వేయించుకుని మరీ పక్కన కూర్చోబెట్టుకుంది రాములవ్వ. తక్కువది కాదు!

విజయరాణి వేదికెక్కింది. గొంతు సవరించుకోలేదు, తడబడలేదు.

"తుళశీపుఢే లావతే దివ్యాచీ వాత్... రాములవ్వాంనీ ధరలా మాఝా హాత్! జలంధర్‌రావాంచం నావ్ ఘేతే... మాహేర్ మిళాలం సాసరాత్!"

హాలంతా గొల్లున నవ్వి చప్పట్లు కొట్టింది. అదిగో అదే నవ్వు! రాములవ్వ మొహం నల్లబడింది. "చూసినవా... మళ్ళ నవ్విండ్రు! ఏమన్నది? దాపకుండ చెప్పు!"

గంగామణి కళ్ళు చెమర్చాయి. "తులసి ముందు దీపం పెడుతున్న... రాములవ్వ నా చెయ్యి పట్టుకుంది. జలంధర్ పేరు చెబుతున్న... అత్తగారింట్లనే నాకు తల్లిగారిల్లు దొరికింది... అంటుందమ్మా! ఇంత అదృష్టం ఏ అత్తకుంటది?"

రాములవ్వ తన చేతి వైపు చూసుకుంది. చెయ్యి పట్టుకోవడం... అవును! ఆనాడు గడప ఎక్కుతూ కొత్తకోడలు కాలు జారి తూలితే తనే గభాలున పట్టుకుంది. వేదిక దిగి వచ్చిన విజయరాణి అత్తగారి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "మా అమ్మ నేర్పింది వేరే ఉండె అత్తమ్మా... నువ్వు చెయ్యి పట్టినవని అప్పటికప్పుడు మార్చిన" అంది.

"ఓ నా తల్లీ!" రాములవ్వ భోరుమంది. "చెయ్యి పట్టిన్నని నువ్వు పాట గడితే... నేను నీ నోరు గట్టేసిన్నా బిడ్డా! ఎంత పాపిష్టిదాన్ని..." అత్తాకోడళ్ళు ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తుంటే జలంధర్ గోడవైపు తిరిగి ముక్కు తుడుచుకున్నాడు.

అంతటితో ఊరుకుంటే ఆమె రాములవ్వ ఎందుకవుతుంది? కొంగుతో మొహం తుడుచుకుని గబగబా వేదికెక్కింది. యాభై ఏళ్ళలో భర్త పేరు పలికి ఎరగని మనిషి! రేషన్ కార్డు రాసేవాడు అడిగినా పక్కింటామెతో చెప్పించింది. ఆయన పోయి ఏడేళ్ళయినా ఆ పేరు పెదవి దాటలేదు.

"నాకు మీ భాష రాదు. నా భాషల జెప్త, ఇనుండ్రి!" అంది. "జొన్నరొట్టె మీద పండుమిరప తొక్కు... మా రాజన్న పేరు జెప్తున్న, నా కోడలే నాకు దిక్కు!"

హాల్లో సగం మందికి ముక్క అర్థం కాలేదు. అయినా అందరూ గొల్లున నవ్వారు! రాములవ్వ ఆ నవ్వును రెండు చేతులా దండం పెట్టి అందుకుంది.

కారెక్కాక ముందు సీట్లోంచి వెనక్కి తిరిగింది. "కోడలా, మీ అమ్మకు ఫోన్ గొట్టు."

"ఇంటికి పోయినంక చేస్త అత్తమ్మా..."

"ఇప్పుడే! నా ముందటనే మాట్లాడు. ధాత్రికి ఇనవడేటట్టు... గట్టిగ!"