మొలకెత్తని దుంపలు

మా ఇంట్లో బంగాళాదుంపలు మొలకెత్తవు. మా ఆయన పనిచేసే గోడౌన్‌లో వాటిని కిరణాల గదిలోంచి పంపుతారు. బుట్టలో నెలల తరబడి పడున్నా కొత్త పెళ్లికూతుళ్లలా నిగనిగలాడుతుంటాయి. "పైకే ఆ నిగనిగ. లోపల మొలక చచ్చిపోయింది," అనేవాడు ఆయన.

ఆ రోజు ఆ గదిలో ఓ పెట్టె ఇరుక్కుంది. కిరణాలున్నప్పుడు మోగాల్సిన హెచ్చరిక గంట అస్తమానం ఊరికే మోగుతోందని, అంతకుముందే దాని వైరు పీకేశారు ఈ మహానుభావులు. గంట మోగలేదు కదా అని ఈయన లోపలికెళ్లి, పెట్టె సర్ది వచ్చాడు. వేడి తగల్లేదు, నొప్పి లేదు. ఇంటికొచ్చి వాంతులు చేసుకుంటే ఆసుపత్రిలో చేర్చాను.

మర్నాటికి తగ్గిపోయింది. మంచం మీద కూర్చుని నర్సులతో జోకులేస్తున్నాడు. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. రెండ్రోజులాగి డాక్టరమ్మ నన్ను వరండాలోకి పిలిచింది.

"ఇప్పుడున్న కణాలు పనిచేస్తూనే ఉంటాయమ్మా. కానీ ఒకటి రెండవ్వడానికి లోపల ఓ పోగు ఉంటుంది. ఆ కిరణాలు దాన్ని తెంపేశాయి. పాతవి రాలిపోతుంటే కొత్తవి రావు. రక్తంలో, పేగుల్లో..."

"మరి అంత బాగున్నారు కదండీ."

"కొన్నాళ్లు అలాగే ఉంటారమ్మా," అంది ఆవిడ.

లోపలికొచ్చి ఆయన చెంప నిమిరాను. ఇక్కడికొచ్చాక గడ్డమే గీసుకోలేదు. అయినా ఎప్పుడూ అరచేతికి గరుగ్గా తగిలే చెంప నున్నగా ఉంది.

"ఏంటే, అలా చూస్తున్నావ్?"

"ఏం లేదండీ."

కట్టుకున్న మనిషిని చూసి భయమేసింది.

సాయంత్రం బట్టలు తేవడానికి ఇంటికెళ్లాను. తాళం తీసేసరికి కరెంటు పోయింది. వంటింట్లోంచి పచ్చి మట్టి వాసన. కొవ్వొత్తి కోసం అరమీద తడుముతుంటే, కింద దుంపల బుట్టలో ఏదో మెదిలిన చప్పుడు... బల్లేమో అనుకుంటూ వంగి చెయ్యి పెట్టాను.

దుంప వెచ్చగా ఉంది.

దానిమీద ఏదో గుచ్చుకుంది. మొలకా... ఎంత సంబరపడ్డానో. చచ్చిన మొలక లేచిందంటే ఆయనా లేస్తాడు. ఇంకోటి తడిమాను. మరోటి. అన్నిటికీ ఉన్నాయి... కానీ మొలకలు కావు. పొట్టిగా, గరుగ్గా, దగ్గరదగ్గరగా...

ఆ గరుకు నా అరచేతికి తెలుసు. పెళ్లయినప్పట్నుంచీ తెలుసు.

సంచిలో ఫోన్ మోగింది. ఆసుపత్రి నంబరు. ఎత్తడానికి చెయ్యి రాలేదు. రెండో చేతి కింద అవి ఇంకా పెరుగుతున్నాయి...