దేవుడి ముడి

పొద్దున ఏడు కూడా కాలేదు. కిటికీ పక్కకు కుర్చీ లాక్కుని మాస్టారు తన చొక్కాకు గుండీ కుట్టుకుంటున్నారు. వీధిలో అందరికీ ఆయన మాస్టారే. బడి మాస్టారు కాదు, కుట్టు మాస్టారు. మిషను అమ్మేసి ఆరేళ్లయింది గాని మెడలో టేపు మాత్రం ఇంకా దిగలేదు.

"రేపు ఆసుపత్రిలో వాళ్ల గౌనే తొడుగుతారు నాన్నా. చొక్కాతో పనేముంది?" అన్నాడు కొడుకు, బూట్ల లేసులు కట్టుకుంటూ.

"తిరిగొచ్చేటప్పుడు ఆ గౌనుతోనే రమ్మంటావా?"

ఆయన గుండీ కింద దారం తిప్పి ముడులు బిగించారు. ఇక తెంపుతారనగా ఆగి, కళ్లు మూసుకుని ఇంకొక్క ముడి వేశారు. ఆ ఇంట్లో దాని పేరు దేవుడి ముడి. మాస్టారి భార్య బతికుండగా మొదలుపెట్టిన అలవాటు. మిషను మీద భర్త కుట్టిన ప్రతి బట్టకూ ఆవిడ గుండీలు వేసి, చివర్లో "ఇది నీది స్వామీ" అని ఒక ముడి ఎక్కువ వేసేది. ఆవిడ పోయాక ఆ ముడి మాస్టారి చేతికి వచ్చింది. ఆయన దగ్గర పని నేర్చుకున్న కోడలి చేతికీ వచ్చింది.

కోడలు వంటింట్లో డబ్బా సర్దుకుంటోంది. ఎనిమిదింటికి ఫ్యాక్టరీ బస్సు వస్తుంది. బయట పక్కింటి టీచరమ్మ గొంతు వినిపించింది.

"రేపేనట కదా మాస్టారూ. భయంగా ఉందా?"

"భయమెందుకమ్మా? కడుపులో పెద్ద రక్తనాళం పాతబట్టలా పలచబడి బుడగలా ఉబ్బిందట. చిరగకముందే లోపల లైనింగు వేస్తారు. పొట్ట కోయరు. గజ్జ దగ్గర చిన్న గాటు పెట్టి, సన్నటి గొట్టంలో మడిచి పంపిస్తారు."

"మా నాన్న ఒంట్లో లిఫ్టు టీచర్‌గారూ," అన్నాడు కొడుకు. అతను లిఫ్టులు బాగుచేస్తాడు. "తొడ దగ్గర ఎక్కుతుంది, కిడ్నీల కింద అంతస్తులో దిగుతుంది."

"నువ్వు బాగుచేసే లిఫ్టయితే నేను మెట్లెక్కే పోతాను," అన్నారు మాస్టారు. టీచరమ్మ నవ్వింది. ఆయన గొంతు కొంచెం పెంచారు. "ఆ లైనింగు ఎవరు కుడతారో తెలుసా? మా కోడలి ఫ్యాక్టరీ వాళ్లే. చేత్తో. మా అమ్మాయి ప్రతిదానికీ దేవుడి ముడి వేసి మరీ పంపిస్తుంది. ఇంకెందుకు భయం?"

వంటింట్లో డబ్బా మూత పడబోయి, కోడలి చేతిలో ఆగిపోయింది.

కొడుకు లోపలికొచ్చి గొంతు తగ్గించాడు. "విన్నావుగా. ఇంకొక్క రోజు. ఆపరేషన్ అయ్యాక తీరిగ్గా చెబుదువు గాని."

"ఆయన సంతకం పెట్టిందే దాన్ని నమ్మి కదండీ."

"అందుకే చెప్పొద్దంటున్నా."

అది నిజమే. పదిహేను రోజుల క్రితం స్కానులో ఆ ఉబ్బు బయటపడినప్పుడు మాస్టారు ససేమిరా అన్నారు. డెబ్బై రెండేళ్లు వచ్చాయి, ఇంకా ఎందుకు అన్నారు. అప్పుడు డాక్టరు బల్ల సొరుగులోంచి ఒక నమూనా తీసి ఆయన చేతిలో పెట్టాడు. తెల్లటి గుడ్డగొట్టం, దాని చుట్టూ వంకీలు తిరిగిన సన్నటి తీగ రింగులు. మాస్టారు కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి దాన్ని వెలుతురుకు పట్టుకున్నారు. "ఇది చేతికుట్టు," అన్నారు. డబ్బా మీద కంపెనీ పేరు చూశారు. "ఇది మా కోడలి ఫ్యాక్టరీ," అన్నారు. అక్కడికక్కడే కలం అడిగారు.

కోడలు అబద్ధం ఆడిందా అంటే, ఆడలేదు. నాలుగేళ్ల క్రితం ఉద్యోగంలో చేరిన రోజు సాయంత్రం ఆయన అడిగారు, దేవుడి ముడి వేస్తున్నావా తల్లీ అని. వేస్తున్నా మామయ్యా అంది. ఆరోజు వేసింది. ఆ వారమంతా వేసింది. శనివారం నాడు సూపర్‌వైజరమ్మ నాలుగు గొట్టాలు తెచ్చి ఆమె ముందు పెట్టింది. నాలుగూ చెత్తబుట్టకే. ప్రతి రింగు చివరా లెక్క ప్రకారం అయిదు ముడులుండాలి, ఆమెవాటికి ఆరు ఉన్నాయి. "ఇంటి అలవాట్లు చెప్పులతో పాటు గేటు దగ్గరే విడిచి రావాలమ్మా," అందావిడ. ఆమె బాత్రూములో ముఖం కడుక్కుని వచ్చి అయిదు ముడుల దగ్గర ఆగడం నేర్చుకుంది. మామగారు మళ్లీ అడగలేదు. ఆమె చెప్పలేదు. అడగని మాట చెప్పకపోవడం కూడా తప్పు కిందికే వస్తుందా అని ఎన్నోసార్లు దేవుణ్ణే అడిగింది. ఆయనా ఏమీ చెప్పలేదు.

ఆరోజు పనిలో ఆమె రెండుసార్లు ముడులు మళ్లీ లెక్కపెట్టుకుంది. దుమ్ము చేరని ఆ గదిలో ముక్కుకు గుడ్డ, తలకు టోపీ, కళ్లకు భూతద్దం. వెంట్రుక కన్నా సన్నటి దారం. మూడు, నాలుగు, అయిదు. ఆమె ఆగింది. తర్వాత తెంపింది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి మాస్టారి సంచి గుమ్మం పక్కన సిద్ధంగా ఉంది. "రా అమ్మాయీ. ముగ్గురం కూర్చుని ఒక్కసారి దేవుణ్ణి తలుచుకుందాం. రేపు హడావుడిలో కుదరదు."

అత్తగారి ఫొటో కింద ముగ్గురూ కూర్చున్నారు. ఆయన కళ్లు మూసుకుని, పక్కన ఉన్న మనిషితో మాట్లాడినట్టే మాట్లాడారు. "స్వామీ, నా ఒంట్లోకి ఎవరిదో పరాయి వస్తువు రావడం లేదు. నీ ముడి ఉన్నదే వస్తోంది. మా అమ్మాయి మరచిపోకుండా వేసింది. ఎవరి ఒంట్లోకి వెళ్లినా నువ్వే తోడు వెళ్లావు." కళ్లు తెరవకుండానే ఆయన కోడలి వైపు తల తిప్పారు. "నువ్వు కూడా చెప్పు తల్లీ. నీ నోటితో చెబితే ఆయన వింటాడు."

కొడుకు ఆమె మోచేతి మీద వేలితో తట్టాడు. ఆమె నోరు తెరిచింది. మామగారి దగ్గర నాలుగేళ్లు దాచిన మాట దేవుడి ముందు దాగలేదు.

"వెయ్యడం లేదు మామయ్యా."

"ఏంటి?"

"దేవుడి ముడి. మొదటి వారమే వేశాను. వెయ్యకూడదన్నారు. అప్పటినుంచి ఒక్కదానికీ వెయ్యలేదు."

మాస్టారు కళ్లు తెరిచారు. తర్వాత ఆయన మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచారు. గుమ్మం పక్కన ఉన్న సంచి తీసుకుని, గదిలో మంచం మీద బోర్లించారు.

"నాన్నా, ఏం చేస్తున్నావు?"

"బట్టలు సర్దుకుంటున్నా. ఎక్కడికీ వెళ్లడం లేదు."

"ఒక్క ముడి కోసమా? ఆ బుడగ ఎప్పుడు పగులుతుందో తెలీదన్నాడు డాక్టరు. పగిలితే ఆసుపత్రికి తీసుకెళ్లే టైము కూడా ఉండదన్నాడు. విన్నావు కదా?"

"విన్నా. నీకు ఒక్క ముడే. మీ అమ్మ నలభై ఏళ్లు వేసిందిరా."

"అమ్మ చొక్కాలకు వేసింది నాన్నా. ఇది చొక్కానా?"

"చొక్కా చిరిగితే మాసికేస్తారు. ఇది చిరిగితే?" ఆయన కోడలి వైపు తిరిగారు. కేకలు వెయ్యలేదు, అదే ఆమెకు ఎక్కువ బాధగా ఉంది. "ఫ్యాక్టరీ వాళ్లు వద్దన్నారు, మానేశావు. నీ పొట్టకూటి పని, నేను తప్పు పట్టను. కానీ వీధిలో ఎంతమందికి చెప్పుకున్నానమ్మా. టీచరమ్మకు, డాక్టరుకు, చివరికి దేవుడికి కూడా. నాలుగేళ్లుగా నా నోటితో అబద్ధం చెప్పించావు."

ఆరాత్రి ముగ్గురి పళ్లేలూ సగం సగమే ఖాళీ అయ్యాయి.

తెల్లవారాక కొడుకు స్నానానికి వెళ్లేలోపే ఆమె అతని పనిసంచి తెరిచింది. వైర్లకు తొడిగే పారదర్శక ప్లాస్టిక్ గొట్టం జానెడు ముక్క తీసింది. వేలు లావున్న మెత్తటి స్ప్రింగులు రెండు తీసింది. మామగారి పాత పెట్టెలోంచి లైనింగు గుడ్డ, సూది, దారం. అన్నీ తెచ్చి కిటికీ దగ్గర ఆయన ముందు పెట్టింది.

"ఏంటివి?" అన్నారాయన, చూపు వీధి మీదే ఉంచి.

"పది గంటలకు ఆసుపత్రిలో ఉండాలి. వెళ్లొద్దంటే మానేద్దాం. నేను కూడా అడగను. కానీ ఒక్క పని చేసిపెట్టండి మామయ్యా. ఈ స్ప్రింగు మీద గుడ్డ తొడిగి కుట్టండి. మీరు ఎలా కుడతారో అలాగే, దేవుడి ముడులతో సహా. నేనొకటి కుడతాను."

"పరీక్ష పెడుతున్నావా?"

"మీరు నాకు పెట్టలేదా? మొదటి గుండీ కాజా ఏడుసార్లు విప్పించారు."

"ఎనిమిది," అన్నారు మాస్టారు, సూది అందుకుంటూ.

ఎదురెదురుగా కూర్చుని కుట్టారు. ఇద్దరి కుట్టూ ఒకటే. ఆయన ఎక్కడ వేలు ఆనించేవారో ఆమె అక్కడే ఆనించింది. తడితువ్వాలు భుజాన వేసుకుని వచ్చిన కొడుకు ఏదో అనబోయి, ఇద్దరి ముఖాలూ చూసి గుమ్మంలోనే నిలబడ్డాడు. ప్రతి చుట్టు చివరా ఆమె అయిదు ముడులు వేసింది. ఆయన ఆరు వేశారు.

"ఇప్పుడు దీన్ని నొక్కి ఈ గొట్టంలోకి ఎక్కించాలి. డాక్టరు అలాగే లోపలికి పంపుతాడు. సరిగ్గా ఆ చోటికి వెళ్లాక దీన్ని కదలనివ్వకుండా పట్టుకుని, పై గొట్టాన్ని మెల్లిగా వెనక్కి లాగుతాడు. అప్పుడు గొడుగులా విచ్చుకుంటుంది. చూడండి."

ఆమె తను కుట్టినది ఎక్కించి, పై గొట్టం వెనక్కి లాగింది. గుడ్డ జారి బయటికొచ్చి విచ్చుకుంది.

మాస్టారు తనది తీసుకున్నారు. ఎక్కించడానికే కష్టపడ్డారు. లాగితే సగంలో పట్టేసింది. ఇంకాస్త గట్టిగా లాగారు. ముడుల దగ్గర గుడ్డ ముడుచుకుని, మొత్తం గొట్టంతో పాటే వెనక్కి వచ్చేసింది. మళ్లీ ప్రయత్నించారు. మళ్లీ అంతే. కొడుకు చెయ్యి చాపితే ఇవ్వలేదు. మూడోసారి పట్టేసినప్పుడు గొట్టాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని, ఆ ముడుల వైపే చాలాసేపు చూశారు.

"చోటు లేదు," అన్నారు చివరికి.

"అయిదింటికే కొలిచారు మామయ్యా. ఆరోది ఉంటే మనిషి లోపల కూడా ఇలాగే పట్టేస్తుంది. కాస్త పక్కకు జరిగినా కిడ్నీలకు రక్తం ఆగిపోతుందట. నావి నాలుగు చెత్తబుట్టలో వేశారని ఏడ్చాను. ఒకవేళ చూసుకోకుండా పంపించేసి ఉంటే?"

మాస్టారి బొటనవేలు తను వేసిన ముడుల మీద తిరుగుతోంది. నలభై ఏళ్లు భార్య వేసిన ముడి, తను నమ్ముకున్న ముడి ఒక మనిషికి అడ్డం పడుతుందని ఆ వేలికి అప్పుడే తెలుస్తున్నట్టుంది.

"మరి ఆయన ముడి ఏమైంది?" అన్నారు. ఆ గొంతులో నిన్నటి కోపం లేదు. దారి తప్పిన మనిషి ఎవరినైనా అడిగినట్టు అడిగారు. "తీసేశారు, సరే. తీసేసినచోట ఏముంది?"

దీనికి జవాబు కోడలు ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారేమోనని భర్తకు కూడా చెప్పలేదు.

"అయిదో ముడి వేశాక వెంటనే తెంపను మామయ్యా. ఆగుతాను. ఒక్క ఊపిరి. అత్తయ్య అనే మాట మనసులో అనుకుంటాను, ఇది నీది స్వామీ అని. అప్పుడు తెంపుతాను. దానికీ తిడుతూనే ఉంటుంది సూపర్‌వైజరమ్మ, ప్రతి రింగు దగ్గరా ఏం ఆలోచిస్తావమ్మా, అందరికన్నా వెనకపడుతున్నావు అని." కళ్లు తుడుచుకుంది. "వేలికి తగలదు. కొలిస్తే లావు ఉండదు. అది లెక్కలోకి వస్తుందో రాదో నాకు తెలీదు. అందుకే మీకు చెప్పలేకపోయాను."

మాస్టారు కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

"మీ అత్తయ్య కూడా ఆగేది," అన్నారు. "ముడి వేసేముందు. మిషను శబ్దంలో ఏం అనుకునేదో వినపడేది కాదు. నేను ముడి చూశాను గాని, ఆ ఆగడం చూడలేదమ్మా. నువ్వు చూశావు." ఆయన కళ్లద్దాలను చొక్కా అంచుతో తుడిచారు. "నిన్న నిన్ను అన్న మాట..."

"వదిలెయ్యండి మామయ్యా. దాచి నేనూ తప్పే చేశాను."

"ఒరేయ్," అన్నారు మాస్టారు గుమ్మం వైపు తిరిగి, ముఖం తుడుచుకుంటూ. "అలా తువ్వాలుతో నిలబడితే ఆసుపత్రి ఇక్కడికి రాదు. ఆ సంచి సర్దు. గుండీ వేసిన చొక్కా పైన పెట్టు."

ఆ మధ్యాహ్నం ఆపరేషన్ గంటన్నరలో అయిపోయింది. కాలు మడవకూడదని ఆయన్ను వెల్లకిలా పడుకోబెట్టారు. కోడలు లోపలికి వెళ్లేసరికి కళ్లు తెరిచే ఉన్నారు.

"ఎక్కడా పట్టలేదట కదా?" అన్నారు నీరసంగా.

"లేదు మామయ్యా. జారి చక్కగా కూర్చుందట. డాక్టరు చెప్పాడు."

"ఎవరు కుట్టారో?"

"ఏమో. అక్కడ అరవై మందిమి."

"ఎవరైతేనేం. అందరూ ఏదో ఒకటి అనుకునే తెంపుతారులే."

ఆయన ఆమె చెయ్యి అందుకున్నారు. సూదిపోట్లతో గరుకెక్కిన వేళ్ల కొసలను తన బొటనవేలితో ఒక్కొక్కటే నొక్కుతూ వచ్చారు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. అక్కడ ఆగారు. కళ్లు మూసుకున్నారు. ఒక్క ఊపిరి తీసి వదిలేంతసేపు ఆ చేతిని అలాగే పట్టుకుని, తర్వాత విడిచారు.